జారుడుబండ కింద లచ్చమ్మ

రేంజరు మల్లయ్యకు అడవి లేదు, తుపాకి లేదు, జీపు అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక ఖాకీ చొక్కా, గుడ్డ టోపీ, మెళ్లో వేలాడే కార్డు, చేతిలో తుమ్మకర్ర. ఇవి కాక ఒక నోరు. జీతం ఇచ్చేవాళ్లు ఖాకీ చొక్కాకు ఇస్తున్నామనుకుంటారు గాని, నిజానికి అది ఆ నోటికి ఇచ్చే జీతమే.

హైటెక్ సిటీ నుంచి ఇరవై నిమిషాల దూరంలో, అంటే రోడ్డు మీద ఒక్క బండీ లేని రోజున ఇరవై నిమిషాల దూరంలో, తుమ్మలగూడ అనే ఊరు ఉంది. ఉంది అనడం మర్యాద కోసమే. నాలుగు పెద్ద అపార్టుమెంట్ల ప్రహరీల మధ్య నూటపాతిక ఇళ్లు ఇరుక్కుని ఉన్నాయి. వాటి వెనక ఒక రాళ్లగుట్ట, గుట్ట కింద మోటబావి, బావి పక్కన వడ్లు దంచుకోవడానికి బండలోనే తొలిచిన రోళ్లు, గొర్రెల కాపరులు పొద్దుపోక రాతి మీద చెక్కుకున్న పులిమేక గళ్లు మిగిలాయి. ఇవైనా కాపాడుకుందామని అపార్టుమెంట్ల సంఘాలూ ఊరి సంఘమూ కలిసి, ఇంటికింత అని చందా వేసుకుని మల్లయ్యను పెట్టుకున్నాయి. గుట్ట మీద ఎవరూ సీసాలు పగలగొట్టకుండా చూడటం, శని ఆదివారాల్లో వచ్చినవాళ్లను తిప్పి ఊరి సంగతులు చెప్పడం అతని పని.

వచ్చేవాళ్లకు రాజులు కావాలి. కూకట్‌పల్లి నుంచి వచ్చినా కెనడా నుంచి వచ్చినా మొదటి ప్రశ్న అదే, ఇక్కడ ఏ రాజు ఉండేవాడని.

"ఏ రాజు రాలే సార్ ఈడికి," అనేవాడు మల్లయ్య. "ఒస్తే గొర్లు అడుగుతడని మా తాతలు గుట్ట ఎనక దాసుకునేటోళ్లు. రాజు రాకుండ చూసుకున్నదే మా ఊరి చరిత్ర."

తర్వాత కర్రతో ఒక్కొక్కటీ చూపించేవాడు. వనశిఖర అపార్టుమెంటులో ఈతకొలను ఉన్నచోట ఒకప్పుడు బర్రెలు పొర్లేవట. "గిప్పుడు సార్లు పొర్లుతున్నరు. అయ్యి జర ఎక్కువ నల్లగుండె, అంతే ఫరకు." వనశిఖర మూడో టవరు కట్టిన నేల ఊరంతా పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్లిన చోటు. "ఊరు ఊరంత నూరేండ్లు ఆడ కూసున్నది సార్. ఆ మట్టి బలం చూడు, ముప్పై రెండు అంతస్తులు లేసినయ్." అక్కడ మూడు పడకగదుల ఫ్లాటు కొన్నవాళ్లు కూడా నవ్వేవారు, కాకపోతే కాస్త ఆలస్యంగా.

ఎవరినీ వదలకుండా ఇన్ని సంగతులు చెప్పే మల్లయ్య ఒక్క సంగతి మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. వనశిఖరలో పిల్లల ఆటస్థలం ఉన్న మూల ఊరి బొందలగడ్డ. చచ్చినవాళ్లను పూడ్చిన చోటు. అందులో అతని తల్లి లచ్చమ్మ ఉంది.

ముప్పై ఏడేళ్ల కిందట మూడు రోజుల జ్వరంతో పోయింది లచ్చమ్మ. దవాఖానకు తీసుకుపోవడానికి ట్రాక్టరు వచ్చేసరికి, ట్రాక్టరుతో పని లేకుండా పోయింది. అప్పుడు మల్లయ్యకు పంతొమ్మిదేళ్లు. తండ్రీ కొడుకులు గడ్డపార పట్టుకుని గుంత తవ్వితే మొలలోతుకే బండ తగిలింది. ఇంకోచోట తవ్వుదామంటే పొద్దు కుంకుతోంది. అక్కడే పడుకోబెట్టి, కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చారు. మధ్యకు చీలి నిలబడ్డ గుండురాయి నుంచి పడమటికి ఇరవై రెండు అడుగులు. ఆ లెక్క మల్లయ్య కాళ్లకు తెలుసు.

ఆ నేల ఎవరి కాగితాల్లో ఏమని ఉందో, ఎవరి చేతులు మారిందో చెప్పాలంటే ఇంకో కథ అవుతుంది, వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది. మొత్తానికి ఒకనాడు గోడ లేచింది. సెల్లారు తవ్వినచోట ఉన్న పెద్దలందరూ మట్టితోపాటు టిప్పర్లెక్కి వెళ్లిపోయారు. మల్లయ్య గోడ ఇవతల నిలబడి చూశాడు. అడిగితే తవ్వేవాడు అటు తిరిగి నిలబడ్డాడు, తవ్వించేవాడు నవ్వాడు. ఆ ఒక్క మూల మాత్రం కింద బండ అడ్డం రావడంతో తవ్వకుండా పైన కాస్త మట్టి పోసి, ఇసుక పోసి, పిల్లలకు ఊయలలూ జారుడుబండా పెట్టారు. చీలిన గుండురాయికి లైట్లు పెట్టి ఫొటోలు దిగే చోటు చేశారు. మల్లయ్య రాయి నుంచి కళ్లతోనే ఇరవై రెండు అడుగులు కొలిచి చూస్తే, లెక్క సరిగ్గా జారుడుబండ కిందికి వచ్చింది.

తుమ్మలగూడ వాళ్లలో ప్రతి పెత్రమాసకూ, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యనాడు, చనిపోయిన పెద్దలకు పెడతారు. ఉడికిన గుడ్డు, ఇంత మాంసం, ఇంత అన్నం ఆకులో పెట్టి, కల్లు సాక పోయాలి, అంటే నేల మీద ధారగా వదలాలి. అది ఇంట్లో కూర్చుని పెట్టే పద్ధతి కూడా ఉంది గాని, లచ్చమ్మ బతికుండగానే ఇంట్లో కూర్చునే మనిషి కాదు. అందుకని మల్లయ్య ఏటా గేటు దాటాలి. ఒక ఏడు నీళ్ల డబ్బాలు మోసేవాడిలా వెళ్లాడు. ఇంకో ఏడు వినాయకుడి పందిరి కర్రలు విప్పేవాళ్లలో కలిసిపోయాడు. మరో ఏడు ఏ వేషమూ దొరక్క గేటు దగ్గరే తచ్చాడుతుంటే, లోపల పాము వచ్చిందని కేకలు వినిపించాయి. నాకు పాములు పట్టడం వచ్చని దూరిపోయాడు. అది ఎలకలు తినే జెర్రిపోతు. దాన్ని గోనెసంచిలో వేసుకుంటూ, ఇది మీకన్నా ముందు నుంచీ ఇక్కడే కిరాయికుంటోందని ఒక ఉపన్యాసం ఇచ్చాడు.

ఆ ఉపన్యాసం విన్నవాళ్లలో సంయుక్త ఉంది, వనశిఖర సంఘం కార్యదర్శి. కాకినాడ వాళ్ల అమ్మాయి, పెద్ద కంపెనీలో పని. గుట్టను కాపాడాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది, కాపాడే మనిషే దొరకలేదు. రేంజరు ఉద్యోగం ఆమె పుట్టించిందే. జీతం ఎంతో చెప్పకముందే మల్లయ్య ఒకటే అడిగాడు.

"కార్డు ఇస్తరా మేడం? కార్డుంటే గేటు కాడ ఆపరు గదా?"

ఆపరని ఆమె చెప్పింది. మల్లయ్య మర్నాడే చేరిపోయాడు.

నాలుగు పెత్రమాసలు దర్జాగా గడిచాయి. తెల్లవారి అయిదున్నరకు, వాకింగ్ చేసేవాళ్లింకా బూట్ల లేసులు కట్టుకుంటుండగా వెళ్లి, కల్లు పోసి, అమ్మతో రెండు మాటలు మాట్లాడి, కాకి ముట్టాక గుడ్డు తాను తిని, ఆకు తీసేసి, ఇసుక సర్ది వచ్చేవాడు. ఆకు తీయకుండా ఒక్కనాడూ రాలేదు. నెత్తి మీద పిల్లలు జారుతున్నారని మొదట్లో మనసు కష్టపెట్టుకున్నాడు గాని, తర్వాత సర్దుకున్నాడు. లచ్చమ్మకు పనిలేకుండా కూర్చునేవాళ్లంటే పడేది కాదు. ఆ పిల్లలు ఒక్క క్షణం కూర్చునే రకం కాదు.

అయిదో ఏడు కొంప మునిగింది. ఎవరిదో పిల్లవాడి సైకిలు పోయిందని పెత్రమాసకు వారం ముందు ఆటస్థలంలో కొత్త కెమెరా పెట్టారు. గుట్ట మీద ఏ రాయి కింద ఏ తేలు ఉందో చెప్పగల మల్లయ్య, నెత్తి మీది కెమెరాను మాత్రం చూసుకోలేదు.

పొద్దున తొమ్మిదింటికల్లా ఆ దృశ్యం వనశిఖర వాట్సాప్ గుంపులో పడింది. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి జారుడుబండ ముందు గొంతుకూర్చుని, తెల్లటిది ఏదో నేల మీద పోసి, గొణుక్కుని, చివరికి గుడ్డు తిన్నాడు. పదింటికి అది యాసిడ్ అయింది. పదిన్నరకు కుక్కలకు పెట్టే విషమయింది. పదకొండింటికి రెండో టవరు పన్నెండో అంతస్తు నుంచి ఒకాయన చేతబడి అని తేల్చేశాడు. ఆయన కృత్రిమ మేధ మీద ఆఫీసులో రోజూ ఉపన్యాసాలిస్తాడు. పిల్లలను ఎవరూ బయటికి పంపొద్దన్నారు. శాకాహారులు ఆ గుడ్డు దగ్గరే ఆగిపోయి విడిగా గొడవ పెట్టుకున్నారు.

సాయంత్రం క్లబ్ హౌస్‌లో మీటింగు. సంఘం అధ్యక్షుడు రామబ్రహ్మం గారు రాజమండ్రి వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు ఇంజనీరు. మనిషి మంచివాడే గాని, రెండో ఫ్లాటు ఒకటి అమ్మకానికి పెట్టి ఉన్నాడు. కొనేవాళ్లు ఆదివారం చూసుకోవడానికి వస్తామన్నారు. కాబట్టి ఆయనకు ఆ వారంలో మంచితనం చూపించే తీరిక లేదు.

"చూడండి మల్లయ్య గారూ, మీరంటే మాకు గౌరవం ఉందండి. ఆ సీసాలో ఏముందో చెప్పెయ్యండి, చాలు," అన్నాడాయన.

మల్లయ్య టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నిజం చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఇక్కడ శవాలున్నాయని తెలిస్తే, ఉన్న ఫ్లాట్ల ధరలు ఒక్కరోజులో పడిపోతాయి. పడిపోకుండా ఉండాలంటే శవాలు లేకుండా చేయాలి. లేకుండా చేయడం ఎంతసేపటి పనో గోడ ఇవతల నిలబడి ఒకసారి చూసినవాడే. కాబట్టి ఉద్యోగం పోయినా ఫరవాలేదు, అమ్మ జోలికి ఎవరూ రాకూడదనుకున్నాడు.

"కల్లు సార్," అన్నాడు. "చందానగర్ల తెచ్చిన. నాకు పొద్దుగాల తాగే అలవాటున్నది. తాగుతాంటే ఒలికింది."

సంయుక్త నమ్మలేనట్టు చూసింది. "మల్లయ్య గారూ, మీరు తాగగా నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు."

"దొంగతనంగ తాగేటోడు చూపిచ్చి తాగుతడా బిడ్డ?"

అబద్ధం బాగానే అతికింది. తాగుబోతంటే అందరికీ ప్రాణం కుదుటపడింది. చేతబడి కన్నా తాగుడు ఎంతో మర్యాదస్తుల జబ్బు. కార్డు తీసేసుకుని నెల రోజులు పనికి రావద్దన్నారు. ఖాకీ చొక్కా ఉంచుకోనిచ్చారు, అది ఇంకెవరికీ పట్టదు గనక.

ఇంటికి వెళ్లి చెబితే భార్య సక్కుబాయి మొగుణ్ణి కిందికీ మీదికీ చూసింది. ఆమె రామబ్రహ్మం గారింట్లోనే గిన్నెలూ బట్టలూ చూస్తుంది.

"జిందగీల ఒక్క గిలాస పట్టనోనివి, తాగుబోతునని ఒప్పుకొని ఒచ్చినవా? రేపు పొద్దుగాల ఆ అమ్మగారి ముందల నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"గిన్నెల పెట్టుకో. అమ్మ జాగ అయితే బచాయించిన గదనే."

"ఏం బచాయించినవో నీకే ఎరుక," అని ఆమె కంచం విసురుగా పెట్టింది. అయినా గుడ్డు రెండోది కూడా అతనికే వేసింది.

శనివారం పొద్దున ఏడింటికి సక్కుబాయి పనికి పోయినట్టే పోయి, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని పరుగెత్తుకుంటూ తిరిగి వచ్చింది.

"ఓ మనిషీ, లే! ఆడికి జేసీబీ ఒచ్చింది. నువ్వు పోసిన కల్లుకు మట్టి కరాబైందంట. పిల్లల ఆరోగ్యమంట. జారుడుబండ పీకి, మూడు ఫీట్లు తవ్వి, కొత్త మట్టి పోస్తరంట."

మల్లయ్య లేచి చెప్పులు వెతుక్కున్నాడు. మూడు అడుగులు. మొలలోతుకే బండ తగిలిన గుంత అది. తల్లి చోటు దాచాలని తాను చెప్పిన అబద్ధమే ఇప్పుడు తల్లిని తవ్వడానికి వచ్చి కూర్చుంది. తన నోటిని తాను తిట్టుకోవడానికి కూడా సమయం లేదు.

గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. నాలుగేళ్లుగా పొద్దున్నే దండం పెట్టినవాడే, కార్డు లేదన్నాడు. మల్లయ్య గుట్ట వైపు తిరిగాడు. ప్రహరీ గోడ గుట్టను ఆనుకునే చోట ఒక గుండు మీదికి ఎక్కితే లోపలికి దూకొచ్చు. పదేళ్లప్పుడు ఆ గుండు మీంచి రోజుకు వందసార్లు దూకేవాడు. ఇప్పుడు యాభై ఆరు. దూకడం దూకాడు గాని, ప్యాంటు గోడ మీది ఇనుప ముల్లుకు తగులుకుని వెనక నుంచి మోకాలి దాకా చిరిగింది. ఆ చిరుగును చేత్తో పట్టుకుని, నడిచే దారిలో వాకింగ్ చేస్తున్నవాళ్లను తోసుకుంటూ, ఒంటి చెప్పుతో పరుగెత్తాడు.

జేసీబీ తొండం అప్పటికే లేచి ఉంది. జారుడుబండను పీకి పక్కన పడుకోబెట్టారు. రామబ్రహ్మం గారు చేతులు వెనక్కి కట్టుకుని అజమాయిషీ చేస్తున్నారు. ఆయన భార్య పుణ్యవతి గారు రోజూ కూర్చునే సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది. సంయుక్త, ఇంకో పాతికమంది తల్లులూ తండ్రులూ చుట్టూ నిలబడ్డారు. మల్లయ్య వెళ్లి తొండం కింద, ఇసుకలో కూలబడ్డాడు.

"తవ్వకున్రి. మీ కాళ్లు మొక్కుత. కింద మా అమ్మ ఉన్నది."

మిషను మోతలో సగం మందికి వినపడలేదు. వినపడ్డవాళ్లు తాగి వచ్చాడనుకున్నారు. చిరిగిన ప్యాంటు కూడా అదే సాక్ష్యం చెబుతోంది. కాని పైన కూర్చున్న డ్రైవరుకు వినపడింది. అతని పేరు తిరుపతి, పాలమూరు వైపు మనిషి. మిషను ఆపేశాడు.

"ఏమంటివి పెద్దాయనా?"

"బొందలగడ్డ కొడుకా ఇది. నీ తొండం కింద మా అమ్మ లచ్చమ్మ ఉన్నది. నా చేతులతోని పూడ్చిన. మొన్న పెత్రమాసకు సాక పోసిన. తాగలే. తాగిన అన్నది అబద్ధం."

తిరుపతి చెప్పులు మిషనులోనే విడిచి కిందికి దిగాడు. ఇసుక మీద వట్టి కాళ్లతో నిలబడి రామబ్రహ్మం గారితో అన్నాడు.

"నేను తవ్వ సార్. కిరాయి ఇయ్యకున్నా మంచిదే."

ఇద్దరు తల్లులు పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. రామబ్రహ్మం గారి ముఖంలో ముందు ఆదివారం వచ్చే బేరం కనిపించింది, తర్వాత భయం కనిపించింది, ఆ తర్వాత సిగ్గు. ఆయనను తప్పు పట్టలేం, మూడూ ఒకేసారి వస్తే ఎవరికైనా ఊపిరాడదు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక్కరేనా అండీ?"

మల్లయ్య లేచి కర్ర లేని చేత్తోనే చూపించడం మొదలుపెట్టాడు. "సెల్లార్ల ఉన్నోళ్లు ఎప్పుడో పోయిన్రు సార్, వాళ్ల ఫికర్ లేదు మీకు. ఈ మూలకు మిగిలింది పదకొండు మంది. ఈమె మా అమ్మ. ఊయల కింద మా చిన్నాయన. మీరు నడిచే తొవ్వ కింద ఇద్దరు. షటిల్ ఆడే కాడ ముగ్గురు, నెట్టుకు ఇవతల ఒకరు, అవతల ఇద్దరు. కుక్కల తిప్పే కాడ నలుగురు."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మల్లయ్య గారూ?" అని అడిగింది సంయుక్త. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. "ఊరంతటి గురించీ చెప్పారు కదా."

"చెప్తే గిదే ఒస్తది గద బిడ్డ," అని మిషను వైపు చూపించాడు. అంతవరకూ బిగబట్టుకున్నవాడు అప్పుడు ఏడ్చాడు. చిరిగిన ప్యాంటు పట్టుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకోబోయి, రెండూ సరిగా చేయలేకపోయాడు.

బెంచీ మీది పుణ్యవతి గారు లేచి వచ్చి, తన భుజం మీది శాలువా తీసి అతనికిచ్చింది, నడుముకు చుట్టుకోమని. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఏమండీ, ఆ మిషను పంపించెయ్యండి."

"పుణ్యం, నీకు తెలియదు. రేపు ఆదివారం ఆ కొనేవాళ్లు..."

"మనం అయిదో అంతస్తులో ఉన్నామా? మన కింద నాలుగో అంతస్తువాళ్లున్నారని ఎప్పుడైనా ఇల్లు ఖాళీ చేశామా? వీళ్లు ఇంకాస్త కింద ఉన్నారు. అంతేగా. పైగా నాలుగో అంతస్తువాళ్లలాగా అర్ధరాత్రి కుర్చీలు ఈడవరు."

ఎవరో నవ్వారు. నవ్వొచ్చాక జనంలో గట్టితనం సగం పోయింది. జారుడుబండను తిరిగి నిలబెట్టడానికి తిరుపతే మిషనుతో సాయం పట్టాడు, ఈసారి చెప్పులు వేసుకోకుండానే.

ఆ సాయంత్రం మళ్లీ మీటింగు. నాలుగు గంటలు అరుచుకున్నారు. శాంతి హోమం చేయించాలని కొందరు, కోర్టుకెళ్లాలని కొందరు, ఎవరి మీద వెళ్లాలో తెలియక ఇంకొందరు. చేతబడి కనిపెట్టిన పన్నెండో అంతస్తు ఆయన మాత్రం, నేను ముందే చెప్పాను కదా అన్నాడు. చివరికి తీర్మానం ఏమిటంటే, ఈ మాట బయటికి పొక్కకూడదు. నడకల్లో బొందలగడ్డ ఊసు ఎత్తకూడదు. మల్లయ్య కార్డు తిరిగి ఇవ్వాలి, అది ఎప్పటికీ తీసేసుకోకూడదు. ఈ ఆఖరిది సంయుక్త పట్టుబట్టి రాయించింది. మాట పొక్కకూడదని చెయ్యెత్తినవాళ్లలో సగంమంది లిఫ్టు దిగేలోపే పొక్కించారు.

తర్వాత వారమంతా మల్లయ్యకు తీరిక దొరకలేదు. ఒక్కొక్కరే గుట్ట మీదికి వచ్చి, అటూ ఇటూ చూసి, అడిగిన ప్రశ్నే అడిగారు. మా బ్లాకు కింద ఎవరూ లేరు కదా? మల్లయ్య అందరికీ లేరనే చెప్పాడు. చాలావరకు అది నిజం. ఆ మూలను ఆనుకున్న బ్లాకులోని ఒకరిద్దరి విషయంలో వాళ్లు రాత్రిళ్లు నిద్రపోవాలని చెప్పిన మాట. చేతబడి ఆయన వచ్చినప్పుడు మాత్రం కాసేపు ఆలోచించి, "ఒకాయన ఉన్నడు సార్, గని మంచోడే," అన్నాడు. అక్కడ ఎవరూ లేరు. సక్కుబాయి ఆ సంగతి విని మూడు రోజులు నవ్వుకుంది.

ఆదివారం వచ్చిన కొనేవాళ్లు రామబ్రహ్మం గారి ఫ్లాటు కొన్నారా లేదా అన్నది మనకు అనవసరం. ఆయన మాత్రం బుద్ధిమంతుడి పని ఒకటి చేశాడు. రేపు ఇంకో పైపు పగిలి ఎవడో తవ్వితే మళ్లీ ఇదే గోల, కాబట్టి తవ్వకూడని చోట్లన్నీ గుర్తుపెట్టిన పటం ఒకటి సంఘం దగ్గర ఉండాలన్నాడు. సంయుక్త ఫోను తీసుకుని వచ్చింది. మల్లయ్య పోయి నిలబడ్డచోటల్లా ఆమె ఫోనులో గుర్తు పెట్టి పేరు రాస్తుంది.

అది రేంజరు మల్లయ్య ఉద్యోగంలో అన్నిటికన్నా మంచి నడక. విన్నది ఒక్క మనిషే. ఊయల కింద చిన్నాయన సాయిలు, పులిమేక ఆటలో ఓడిపోతే గళ్లు చెరిపేసి ఇంటికి పోయే మనిషి. నడిచే దారి కింద అక్కాచెల్లెళ్లు, ఒకరితో ఒకరికి ఇరవై ఏళ్లు మాటల్లేవు, ఇప్పుడు పక్కపక్కనే. షటిల్ కోర్టు నెట్టుకు ఇవతలొకరు అవతలొకరు దాయాదులిద్దరు, బతికున్నన్నాళ్లూ ఒక గట్టు కోసం కొట్టుకున్నవాళ్లు. "నెట్టు ఉన్నది మంచిగైంది, లేకుంటె గొర్రు పట్టుకొని లేస్తుండె ఒకడు," అన్నాడు మల్లయ్య. కుక్కలను తిప్పే పచ్చిక కింద మంత్రసాని నర్సవ్వ, ఈ ఊళ్లో సగంమందిని భూమ్మీదికి లాగిన చేయి ఆమెది. సంయుక్త నవ్వుతూనే రాసింది, రాస్తూనే ముక్కు తుడుచుకుంది.

చివరగా జారుడుబండ దగ్గరికి వచ్చారు. పైన ఒక పిల్ల జారడానికి కూర్చుని ఉంది. సంయుక్త ఆ పిల్లను దిగమనబోతే మల్లయ్య వద్దన్నాడు.

"జారనియ్యి. మా అమ్మకు మనవరాండ్లు లేరు."

పిల్ల జారింది. ఇసుకలో పడి లేచి మళ్లీ మెట్ల వైపు పరుగెత్తింది. సంయుక్త గుర్తు పెట్టింది, పేరు లచ్చమ్మ అని రాసింది.

"ఇంకేమైనా రాయాలా?"

"ఈడ తవ్వొద్దు అని రాయి. అంతే. ఇన్నేండ్లు ఇది నా ఒక్కనికే ఎరుక. రోడ్డు దాటేటప్పుడు గూడ భయమైతుండె బిడ్డ, నన్నేదన్న బండి గుద్దితే మా అమ్మ ఏడున్నదో చెప్పేటోడు ఉండడని. ఇప్పుడు నీకు గూడ ఎరుకే. ఇగ నాకు ఫికర్ లేదు."

ఆమె రాసింది. రాసి, పదకొండు గుర్తులూ ఒకసారి చూసుకుని, అడగొచ్చో అడగకూడదో తెలియనట్టు ఆగి, అడిగేసింది.

"మల్లయ్య గారూ, మరి మీకు... ఊరివాళ్లకు ఇప్పుడు చోటెక్కడ?"

మల్లయ్య టోపీ సర్దుకున్నాడు. చుట్టూ నాలుగు టవర్లనూ, వాటి కింద రెండు వరసల్లో బంపర్లు తగిలేలా నిలిపిన కార్లనూ చూశాడు.

"మీ కార్లు పెట్టనీకే జాగ లేదు బిడ్డ," అన్నాడు. "నాకేడ దొరుకుతది?"

నవ్వుతూనే అన్నాడు. సంయుక్త నవ్వలేదు. పిల్ల మెట్లెక్కి, పక్కకు జరగమని ఇద్దరి మీదా అరిచింది. ఇద్దరూ జరిగారు.